గుడ్డ కప్పిన గొంతు

మార్చి 9, 2023

ఎల్సీ,

పిన్ని రాస్తున్నాను. దీవిలో అందరం బాగానే ఉన్నాం, నా మోకాళ్ళు తప్ప. ఫోన్ చెయ్యలేదని సణగకు. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవికి టవర్ అందదు. అదీగాక ఫోన్లో నువ్వు ప్రతిదానికీ "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటావు, తర్వాత ఏదీ గుర్తుండదు. కాగితం మీదైతే తప్పించుకునే దారి ఉండదు. రేపు విమానం వచ్చి టపా సంచీ పట్టుకుపోతుంది కాబట్టి ఇవాళే కూర్చున్నాను.

సంగతేమిటంటే, మీ అమ్మ సమాధి రాయి వచ్చింది. మంగళవారం సరుకుల బార్జి మీద దిగింది. నల్లరాయి అట, అంచుకి తాబేలు చెక్కించారట. "అట" అని ఎందుకంటున్నానంటే నన్ను చూడనివ్వలేదు. మీ పెదనాన్న, అదే మా సోలమన్ బావ, తన షెడ్డులో పడవ ఇంజను పక్కన టార్పాలిన్ కప్పి పెట్టాడు. నేను కొస ఎత్తబోతే ఎంత కేక వేశాడంటే నా కుడిచెవికి కూడా వినపడింది. పూడ్చింది అక్క అత్తింటివాళ్ళు, రాయి నిలబెట్టేదీ వాళ్ళే. పుట్టింటివాళ్ళం మనం వండడానికీ ఏడవడానికీ మాత్రమే పనికొస్తాం. ఎప్పుడూ ఇంతే కదా, కొత్తగా కోపం తెచ్చుకుని ఏం లాభం.

తెరిచే రోజు సెప్టెంబరు తొమ్మిది, శనివారం. అప్పటికి అక్క పోయి మూడేళ్ళు కావస్తుంది. రాయి తెరిచేదాకా ఆచారమని ఫోటో గోడవైపు తిప్పి, బట్టలు పెట్టెలో పెట్టి, పేరు నోట రానివ్వకుండా మూడేళ్ళు. నేను అలసిపోయానే. ఏడ్చి కాదు, మూసిపెట్టి.

నీకు ఒక్కటే పని. మీ యూనివర్సిటీలో అక్క చెప్పిన మన భాష పాఠాలు ఉన్నాయి కదా, ఆమె పోయినప్పుడు మనం మూయించినవి. వాటిలో గాలుల పేర్ల పాఠం పట్టుకురా. రాయి మీద గుడ్డ తియ్యగానే జనమంతా అక్క గొంతు వినాలి. బావ స్పీకర్లు తెప్పిస్తున్నాడు. ఆ పాఠాలు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎందుకో నీకు తెలుసు. ఇప్పుడు వినాలని ఉంది, చెవి కొంచెం మిగిలుండగానే.

నీ పిన్ని,
కెజియా


మార్చి 30, 2023
కెయిర్న్స్

పిన్నీ,

నీ ఉత్తరం పదకొండు రోజులకు చేరింది. "సరే పిన్నీ" అనకుండా జవాబు రాస్తున్నాను, చూసుకో.

రాయి వచ్చిందని చదివాను. సెలవు పెట్టేశాను. ఇస్తారో లేదో తెలియదు గానీ వస్తాను.

ఇక్కడ పని అలా సాగుతోంది. మా శాఖలో ఆరుగురం ఉండేవాళ్ళం, ముగ్గురం మిగిలాం. పాఠం చెప్పడం కంటే పాఠంలోకి వెళ్ళడమే పెద్ద పనైపోయింది. హాజరు ఒక కంపెనీది, పరీక్షలు ఇంకో కంపెనీవి, వీడియోలు మరొకరివి, మార్కులు వేరేవాళ్ళవి. దేని పాస్‌వర్డ్ దానిదే. నేను చేరిన కొత్తలో లైబ్రరీ కింద గదినిండా యూనివర్సిటీ సొంత మిషన్లు గుర్రుమంటూ ఉండేవి. ఇప్పుడా గదిలో విరిగిన కుర్చీలు పెట్టారు. పోయినవారం పరీక్షల కంపెనీవాళ్ళు మరమ్మతు పెట్టుకున్నారు. రెండువందల మంది సగం పరీక్షలో ఆగిపోయారు. వాళ్ళ దేశంలో అది ఆదివారమట, ఎవరూ ఉండరనుకున్నారట. మాకు సోమవారం పొద్దున పది గంటలు.

అమ్మ పాఠాలు అరవైనాలుగు. ఒక్కటి కూడా నేను తెరవలేదు. అవి ఆవిడ మాటలు కాబట్టి అప్పట్లో వీడియో కంపెనీలో ఖాతా కూడా ఆవిడ పేరు మీదే తెరిచాను. యూనివర్సిటీవాళ్ళు నా పేరు పెట్టమన్నారు. నా సొత్తు కానిదాని మీద నా పేరెలా పెడతాను? ఆ ఖాతాకు కట్టిన ఈమెయిల్ పెట్టె కూడా అమ్మదే. దాని తాళం నా దగ్గరే ఉంది. ఆవిడ బట్టల పెట్టె మీరు ఎలా మూశారో దీన్నీ నేను అలాగే మూశాను, ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

నువ్వూ పెదనాన్నా ఒక మాట అంటే తెరుస్తాను.

ఎల్సినా


ఏప్రిల్ 20, 2023

ఎల్సీ,

బావ వరండా మెట్ల మీద కూర్చుని, టీ తాగి, "తెరవమను" అన్నాడు. నేనూ తెరవమంటున్నాను. ఇద్దరి మాటా అందింది కదా, కానివ్వు. ఒక కాపీ ముందుగా పంపితే స్పీకర్లలో పలుకుతుందో లేదో చూసుకుంటాడు. పోయినేడు మార్కస్ వాళ్ళ రాయి తెరిచినప్పుడు పాట బదులు అరగంట గురగుర వినిపించింది, ఆ మర్యాద మనకొద్దు.

బట్ట కుదిరింది. ముదురు నీలం మీద తెల్లపూలు. మనింటి ఆడవాళ్ళందరికీ ఒకటే బట్ట. నీ కొలతలు పంపు. నిజం కొలతలు పంపు, పెళ్ళినాటివి కాదు.

ఇంకో విషయం. మా ఆసుపత్రికి వచ్చిన కొత్త నర్సు బ్రిడీ నీ దగ్గర చదువుకుందట. అదేం పెంపకమే? నాకు రక్తపోటు చూస్తూ, మన భాష వచ్చని నాకు చూపించుకోవాలని గాలుల పేర్లు మొదలుపెట్టింది. బాగానే చెబుతోంది, సరే పాపం తెల్లపిల్ల కదా అని తలూపుతున్నాను. ఏడో గాలి దగ్గర ఆగి, సూటిగా నా మొహంలోకి చూసి, మన భాషలోనే "దిగు అవతలికి, సిగ్గూ శరమూ లేని మొహమా" అంది. తర్వాత ఏమీ జరగనట్టు ఎనిమిదో గాలి చెప్పింది. నేను చెయ్యి లాక్కుని వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కను. మాత్రలు అయిపోతే అయిపోనీ.

మీ దగ్గర నేర్పేది ఇదేనా అని అడుగుతున్నాను, కోపంగా కాదు.

పిన్ని


మే 11, 2023
కెయిర్న్స్

పిన్నీ,

కొలతలు వెనక కాగితం మీద ఉన్నాయి. నిజమైనవే. భుజాల దగ్గర కొంచెం వదులుగా కుట్టించు.

ఇక్కడ వానలు ఆగాయి. పనసచెట్టు పక్కింటివాళ్ళు కొట్టించేశారు. కాళ్ళవాపు ఉంటే ఉప్పు తగ్గించు, మాత్రలు మాత్రం మానకు. బ్రిడీ చెడ్డపిల్ల కాదు.

నువ్వు అడిగిన దాని గురించి కొంచెం పని పడింది. తర్వాత రాస్తాను.

ఎల్సినా


జూన్ 1, 2023

ఎల్సినా,

"కొంచెం పని పడింది." నెల రోజులు ఎదురుచూసి అందుకున్న మాట ఇది. పనసచెట్టు సంగతి రాయడానికి చోటు దొరికింది.

మాత్రలు వేసుకోవడం లేదని ఆ నర్సు నిన్న మా ఇంటికే వచ్చింది. నేను కంచె అవతలే నిలబెట్టాను. మాటల్లో ఆమే చెప్పింది. వచ్చే ఏడాది చదువుల పట్టికలో మన భాష లేదట. తీసేశారట. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు చెప్పాల్సినదానివి నువ్వు, ఏడ్చింది ఆమె.

ఇప్పుడు నాకు అర్థమైంది. పాఠాలు వాళ్ళవైపోయాయి. పెద్ద చదువులవాళ్ళు మీరు, మీకు కాగితాలుంటాయి, సంతకాలుంటాయి. మా అక్క గొంతు వినాలంటే మేం దరఖాస్తు పెట్టుకోవాలి. నువ్వేమో వాళ్ళకు ఎదురుచెప్పలేక నాకు చెట్ల గురించి రాస్తున్నావు. లేదా నీకే సిగ్గుగా ఉందేమో, దీవిలో చెప్పులు లేని జనం మధ్య స్పీకరు పెట్టి మీ అమ్మ మాటలు వినిపించడానికి.

బావ రోజూ అడుగుతున్నాడు. నేనేం చెప్పను?

కెజియా


జూన్ 16, 2023
కెయిర్న్స్

పిన్నీ,

సిగ్గు కాదు. వాళ్ళవైపోవడమూ కాదు. పాఠాలు లేవు. అరవైనాలుగూ పోయాయి. ఏప్రిల్ నెలాఖరున నీ ఉత్తరం అందిన రోజునే తెలిసింది. నీకు ఎలా చెప్పాలో తెలియక చెట్టు గురించి రాశాను.

జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. ముందు అమ్మ వీడియో ఖాతాలోకి వెళ్ళాను. ఖాళీగా ఉంది. "మీ మొదటి పాఠం ఎక్కించండి" అని ఒక నవ్వుమొహం. అప్పుడు ఈమెయిల్ పెట్టె తెరిచాను. అందులో ఆ కంపెనీ నుంచి ఐదు ఉత్తరాలున్నాయి. ఆ చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనేసిందట. ఏడాదిన్నర పాటు ఎవరూ అడుగుపెట్టని ఖాతాలను ఖాళీ చెయ్యడం కొత్తవాళ్ళ పద్ధతట. మొదటి ఉత్తరంలో అమ్మ పేరు పెట్టి, "మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, అంతా కుశలమేనా?" అని రాశారు. కింద ఒక బటన్. దాని మీద "నేను ఇంకా ఉన్నాను" అని రాసి ఉంది. అది నొక్కితే చాలు, పాఠాలు ఉండేవి. రెండోది, మూడోది, నాలుగోది అదే మాట, అదే బటన్. ఐదోది పోయిన ఆగస్టుది. "మీ చోటు ఖాళీ చేశాం. మీరు ఎప్పుడు తిరిగి వచ్చినా సంతోషమే."

అమ్మ పెట్టెలో అమ్మ పేరున పడి ఉన్న ఉత్తరాలు అవి. అంతకాలం నేను మర్యాద పాటిస్తూ కూర్చున్నాను. ఒకవేళ చూసినా, చనిపోయిన మనిషి పేరు మీద "నేను ఇంకా ఉన్నాను" అని నొక్కేదాన్నా? నొక్కేదాన్నే. పదిసార్లు నొక్కేదాన్ని.

కంపెనీకి రాశాను. ఖాతాదారు నేను కాదు కాబట్టి నాతో ఏమీ మాట్లాడలేరట, ఖాతాదారును ఒకసారి ఫోన్ చెయ్యమన్నారు. ఆవిడ చనిపోయారని రాశాను. అందుకు సంతాపం తెలిపి, ఆవిడకు వీలైనప్పుడే చెయ్యమనండి అన్నారు. అది మనిషి రాశాడో మిషన్ రాసిందో తెలియదు. మా డీన్ దగ్గరికి వెళ్ళాను. మూడు దేశాల్లో మూడు కాపీలు ఉంటాయని మాకు చెప్పింది ఆయనే. ఉండేవట, నిజమే. మూడూ ఒకే రోజు తుడిచేశారు. ఒప్పందంలో ఆ హక్కు వాళ్ళకుంది, సంతకం చేసింది మేమే. పాఠాలు లేవు కాబట్టి చదువే లేదని పట్టికలోంచి తీసేశారు.

వేరే కాపీ ఎందుకు లేదని అడుగుతావు. ఇది రాయకూడదనుకున్నాను, కానీ నువ్వు నన్ను అనాల్సిన మాటలన్నీ అన్నావు కాబట్టి రాస్తున్నాను. మొదట్లో ఇంటివాళ్ళందరూ సంతకాలు చేసిన అంగీకార పత్రం నా బల్ల మీద ఉంది. అడుగున చేత్తో రాసిన ఒక వరుస ఉంది: "ఒక్కటే ఉండాలి, రెండోది ఎవరి దగ్గరా ఉండకూడదు." అది నీ చేతిరాత పిన్నీ.

దరఖాస్తులూ చెప్పులు లేని జనమూ అన్నావే, ఆ మాట రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఎల్సినా


జూలై 13, 2023

ఎల్సీ,

నాలుగు విమానాలు ఖాళీ చేతులతో పంపేశాను. ఇవాళ రాస్తున్నాను.

ఆ వరుస నాదే. ఎందుకు రాశానో కూడా గుర్తుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు టేపు మిషన్ పట్టుకుని ఒకాయన వచ్చాడు. వారం రోజులు మా నాన్న చేత పాడించుకున్నాడు. మా అమ్మ అతనికి రోజూ చేపలు కాల్చి పెట్టింది. కాపీలు చేసి పంపుతానని పడవెక్కాడు. అంతే. మా నాన్న చచ్చేదాకా ప్రతి పడవకీ రేవుకు వెళ్ళేవాడు. అందుకని రాశాను, మళ్ళీ ఎవడూ పట్టుకుపోకూడదని. వాడు తిరిగి ఇవ్వలేదు, వీళ్ళు తుడిచేశారు. రెండుసార్లూ మనకు మిగిలింది ఒకటే, వట్టి చేతులు.

చెప్పుల మాట అన్నందుకు తప్పు నాది. నువ్వు పుట్టిన రోజున నిన్ను మొదట ఎత్తుకున్నది నేను, ఆ చనువుతో అన్నాను. మర్చిపో.

అయినా నా కడుపులో ఇంకొకటి ఉంది, ఇప్పుడే కక్కేస్తాను. ఆ పాఠాలు నేనెందుకు వినలేదో నీకు తెలుసు అని రాశాను చూడు. పాఠాలు మొదలుపెట్టినప్పుడు అక్క దీవిలో ముగ్గురు ముసలాళ్ళను తోడు పిలిచింది. సొంత చెల్లెల్ని, పక్కింట్లో ఉన్నదాన్ని, నన్ను పిలవలేదు. నువ్వూ పిలవలేదు. కౌన్సిలు ఆఫీసు వరండాలో ఆమె కంప్యూటరు ముందు కూర్చుని మాట్లాడుతుంటే నేను ఇవతలి రోడ్డు మీదుగా పోవడం మానేసి చుట్టూ తిరిగి కొట్టుకు వెళ్ళేదాన్ని. ఆ అలకలోనే ఆమె పోయింది.

సరే. బావకు చెప్పేశాను. గొంతు వినిపించడం నాకే ఇష్టం లేదు, వద్దనుకున్నాను అని. కారణం అడిగాడు, ఆడవాళ్ళ మనసు అన్నాను. స్పీకర్లు వద్దని కబురు పెట్టాడు. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. పరవాలేదు, నాకెలాగూ వినపడదు. నువ్వు నోరు మూసుకుని, నీలం గౌను వేసుకుని నిలబడు. నీ మీద మాట రాకూడదు. దీవిలో పేరు పోగొట్టుకుంటే నీకు ఇంకెక్కడా లేదు.

పిన్ని


ఆగస్టు 7, 2023
కెయిర్న్స్

పిన్నీ,

నీ ఉత్తరం చదివాను. నా తప్పు నువ్వు మొయ్యొద్దు. పెదనాన్నకు నేనే వేరే ఉత్తరం రాశాను, ఇదే సంచీలో వస్తోంది. ఐదు ఉత్తరాల సంగతి, పత్రం సంగతి, అన్నీ రాశాను. ఆయన కసిరితే కసరనీ.

నిన్ను ఎందుకు పిలవలేదో నాకు తెలుసు. నీకూ తెలుసనుకున్నాను. అమ్మ నాతో అన్న మాట ఇది: "చెల్లిని పద్నాలుగేళ్ళకే పనికని అవతలి ఒడ్డుకు పంపేశారు. తిరిగొచ్చేసరికి సగం మాటలు పోయాయి. నా ముందు తప్పు పలకాలంటేనే తల దించుకుంటుంది. దాన్ని పదిమందిలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టను." నీ పరువు కాపాడుతున్నాననుకుంది. నువ్వు అవమానం అనుకున్నావు. ఇద్దరూ పక్కపక్క ఇళ్ళలో ఉండి ఒక్కసారి కూడా ఒకరినొకరు అడగలేదు. నేను మధ్యలో ఉండి ఇద్దరికీ తెలుసులే అనుకున్నాను.

బ్రిడీ సంగతి కూడా చెప్పాలి. నీ ఏప్రిల్ ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది, కానీ పాఠాల మాట ఎత్తే ధైర్యం అప్పుడు లేదు. ఆ కరోనా జబ్బు ఏడాదిలో అమ్మ కౌన్సిలు వరండాలోంచి పాఠాలు చెప్పింది కదా. గాలుల పాఠంలో ఏడో గాలి దగ్గర ఒక పుంజు బల్ల ఎక్కింది. అమ్మ దాన్ని తిట్టి, తోలేసి, ఎనిమిదో గాలికి వెళ్ళింది. రాసుకోవద్దు, చెవితోనే నేర్చుకోండి అని ఆవిడ నియమం. ఆ ఏడాది పిల్లలందరూ ఆ పాఠాన్ని విని విని తిట్టుతో సహా కంఠతా పట్టారు. బ్రిడీకి దాని అర్థం ఇప్పటికీ తెలియదు. అది కూడా ఒక గాలే అనుకుంటోంది. అది ఎవరి పుంజో నీకు తెలిసే ఉంటుంది. ఎర్రది, కుంటిది.

పాత విద్యార్థులందరికీ రాశాను. ముప్ఫైమందిలో తొమ్మిదిమంది జవాబిచ్చారు. ఒకరికి చేపల పేర్లలో సగం, ఒకరికి పలకరింపులు, ఒకరికి ఆటుపోటుల పాఠం. అంతకు మించి ఎక్కడా ఏమీ లేదు. ఇన్నాళ్ళూ పెట్టె భద్రంగా ఉందని ఎవరూ మనసులో పెట్టుకోలేదు. నేనూ పెట్టుకోలేదు పిన్నీ. సొంత కూతుర్ని, నాకు గాలులు ఐదే వచ్చు.

నిన్న మా మీటింగులో కొత్త సంగతి. ఇంకో బయటి కంపెనీ దగ్గర మాట్లాడే మిషన్ ఉందట. పాత పాఠాలు ఎక్కిస్తే అదే మన భాష నేర్పుతుందట, మనిషి అక్కర్లేదట. "ఏ పాఠాలు ఎక్కిస్తారు?" అని అడిగాను. తర్వాత అంశానికి వెళ్ళారు. నాకు కోపం కూడా రాలేదు. ఇంటికొచ్చి తొమ్మిది గంటలు నిద్రపోయాను.

సెప్టెంబరు ఏడున దిగుతాను.

ఎల్సినా


సెప్టెంబరు 28, 2023

ఎల్సీ,

నువ్వు ఆదివారం విమానానికి పరుగెత్తావు, మాట్లాడుకునే తీరికే దొరకలేదు. ఇంటినిండా జనం, అంట్లు నిన్నటిదాకా తోముతూనే ఉన్నాం. నువ్వు అక్కడే ఉన్నావు గానీ చూడాల్సింది చూడలేదు. గుడ్డ తియ్యగానే ఎక్కడా చప్పుడు లేకుండా పోయింది కదా, అక్క గొంతు రావాల్సిన చోట. అప్పుడు నువ్వు నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళావు. నేను చూశాను. అందుకని మిగతాది రాస్తున్నాను.

ముందు బావ సంగతి. నీ ఉత్తరం ఆయన చొక్కా జేబులో నెలరోజులు తిరిగింది. నన్ను పిలిచి ఒకటే అన్నాడు: "కప్పిపెట్టడం మనకు తెలుసు కెజియా. కప్పినదాన్ని ఎవడో తీసేస్తాడని ఎవరికి తెలుసు?" అబద్ధం చెప్పినందుకు నన్ను బాగా తిట్టాడు. తర్వాత చేపలు పంపాడు.

ఆ రోజు అందరూ రాయి వైపు చూస్తూ నిలబడ్డారు. పాస్టరు దగ్గాడు. ఆ చప్పుడు లేకపోవడం నేను భరించలేకపోయాను, చెవిటిదాన్నే అయినా. వెనక వరుసలో ఉన్న ఆ నర్సుపిల్ల చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాను. "చెప్పు" అన్నాను. "ఇక్కడా?" అంది. "ఇక్కడే, గట్టిగా, నాకు వినపడేలా" అన్నాను.

చెప్పింది. మొదటి గాలి, రెండో గాలి. ఎల్సీ, ఆ పిల్ల గొంతు ఆమెదే గానీ పలికే తీరు అక్కది. మూడో గాలి దగ్గర ఊపిరి పీల్చడం, ఐదోదాన్ని సాగదీయడం, అన్నీ అక్కవే. ఏడో గాలి అయ్యాక ఆగింది. నా వంక బెదురుగా చూసింది. నేను తలూపాను. అప్పుడు సమాధి ముందు నిలబడి, రెండువందల మంది ముందు, "దిగు అవతలికి, సిగ్గూ శరమూ లేని మొహమా" అంది.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత మార్కస్ వాళ్ళ నాన్న నవ్వాడు. తర్వాత అందరూ. సోలమన్ బావ నవ్వుతూ నవ్వుతూ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, ఇక తియ్యలేదు. అందరికీ తెలుసు అది ఎవరి మాటో. మూడేళ్ళుగా ఎవరూ వినని మాట. ఆ పుంజు నాదే. అక్క మీద అలకతో దాన్ని నేనే అటు తోలేదాన్ని, బల్ల ఎక్కుతుందని తెలిసే. అక్కకూ తెలుసు. పుంజుని తిట్టలేదు ఆమె, నన్ను తిట్టింది. రోడ్డు మీదుగా పోకుండా చుట్టూ తిరిగి పోతున్నదాన్ని తిట్టింది. ఆసుపత్రిలో ఆ పిల్ల నా మొహం చూసి అన్నప్పుడు సరైన మనిషికే అంది.

తొమ్మిదో గాలి దాకా చెప్పి ఆగిపోయింది, ఇంక రాదంది. పదోది నేను చెప్పాను. నాకు వచ్చని నాకే తెలియదు. తప్పు పలికానో ఒప్పు పలికానో కూడా తెలియదు, ఇప్పుడు దిద్దేవాళ్ళెవరు? తల మాత్రం దించుకోలేదు. పదకొండోది, చివరిది, ఎవరికీ రాలేదు. ఆ ముగ్గురు ముసలాళ్ళలో మిగిలిన ఒక్కాయననీ అడిగాను, ఆయనకూ గుర్తులేదు. అది పోయింది. వీస్తే గుర్తొస్తుందేమో అని సాయంత్రాలు వరండాలో కూర్చుంటున్నాను. ఇప్పటిదాకా రాలేదు. రాదనే అనుకుంటున్నాను.

బుధవారం బుధవారం ఆ పిల్ల నాకు రక్తపోటు చూస్తుంది, నేను ఆమెకు వచ్చినవి చెబుతాను. ఇంకో ఇద్దరు వస్తున్నారు. రాసుకోమన్నాను. రికార్డు కూడా చేసుకోమన్నాను, ఎన్ని కాపీలు కావాలంటే అన్ని, ఎవరింట్లో వాళ్ళు పెట్టుకోమన్నాను. అక్క ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే వచ్చి తిట్టమను.

ఫోటో ఇటు తిప్పాను. దుమ్ము తుడిచాను. నాకు గుర్తున్నంత లావేమీ లేదు ఆమె.

చివరిగా ఒక పని. ఆ కంపెనీకి జవాబు రాయి. కుశలమేనా అని ఐదుసార్లు అడిగిన మనుషులకు మనింటి నుంచి ఎవరూ జవాబివ్వలేదు, అప్పుడు పేరు రాయకూడదు కాబట్టి. ఇప్పుడు రాయొచ్చు. పేరు పెట్టి రాయి. దమారిస్ చనిపోయింది అని రాయి. దమారిస్ లేదు, ఇక రాదు, ఆమె కోసం చూడొద్దు అని రాయి. తర్వాత ఆ పెట్టె మూసెయ్యి.

దమారిస్ చెల్లెలు,
కెజియా